ఐదో చుక్క

పొద్దున్న ఎనిమిదింటికి కాటా గది తాళం తియ్యడం, కంప్యూటర్ మీద కప్పిన గళ్ళ తువ్వాలు దులిపి మడతపెట్టడం, తవుడు దుమ్ము పట్టిన కీబోర్డుని బోర్లించి నాలుగు దెబ్బలు కొట్టడం - విశ్వనాథ్ ఉద్యోగం రోజూ ఇలాగే మొదలయ్యేది. మండపేటలో జగన్నాథరావు గారి రైసు మిల్లులో అతను కాటా గుమస్తా. లారీ వచ్చి కాటా మీదికెక్కితే బరువు చూసి చీటీ కొట్టివ్వాలి. లారీకీ లారీకీ మధ్య గంటో, గంటన్నరో ఖాళీ. ఖాళీగా ఉన్న మనిషి ఎదురుగా కంప్యూటర్ పెడితే ఏం చేస్తాడో విశ్వనాథ్ కూడా అదే చేసేవాడు. ఆట ఆడేవాడు.

ఆ ఆట రెండువేల ఐదులో ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే ఇచ్చిన సీడీలో వచ్చింది. ఎవరో పరాయి దేశపాయన ఒక్కడే కూర్చుని తయారుచేసి, డబ్బులేమీ వద్దు, ఆడుకోండి అని వదిలేశాడు. గళ్ళ కాగితంలో గడి గడీ రంగు నింపి గీసినట్టుండే బొమ్మ, దాని తలకో ఎర్ర గుడ్డ. ఎడమ నుంచి కుడికి నడిపించాలి, గట్టు వస్తే ఎగిరించాలి, నీళ్ళొస్తే దాటించాలి. మొత్తం ఐదు అంచెలు, మొదలు నుంచి చివరిదాకా పన్నెండు నిమిషాలు. రాజమండ్రిలో నెట్ సెంటర్ నడిపే బావమరిది ఒకసారి వచ్చి చూసి, ఇదేం గేమ్ బావా, మనం పుట్టకముందుదిలా ఉంది అని నవ్విపోయాడు. విశ్వనాథ్‌కి మాత్రం అదే నచ్చింది. పెద్ద పెద్ద ఆటలు నేర్చుకునే ఓపిక అతనికి లేదు. ఇది రెండు మీటలతో అయిపోతుంది.

అతను ఆడుతుంటే బయట లారీకెక్కే బస్తాలు తేలికయ్యేవి.

ఆ సంగతి ముందు కనిపెట్టింది బస్తాలు మోసే జట్టుకి మేస్త్రి బుల్లబ్బాయి. లారీకి చెక్కబల్ల ఏటవాలుగా ఆనించి, డెబ్బై ఐదు కిలోల బస్తా మెడ మీద వేసుకుని ఎక్కుతుంటే, కాటా గదిలోంచి ఆట తాలూకు కీచు కీచుమనే చప్పుడు వస్తున్నంతసేపూ బస్తా దూది దిండులా ఉండేది. చప్పుడు ఆగిందా, బస్తా మళ్ళీ బస్తాయే. బుల్లబ్బాయి నాలుగు రోజులు గమనించి, ఐదో రోజు కిటికీ దగ్గరికొచ్చి, ఎక్కుతున్నామండి, తమరు కాస్త మొదలెట్టండి అన్నాడు. విశ్వనాథ్ మొదలెట్టాడు. ఆ రోజు నుంచి మిల్లులో అదొక పద్ధతైపోయింది.

పనివేళల్లో గుమస్తా ఆటలేంటని జగన్నాథరావు గారు మొదట కోప్పడ్డారు. విషయం విన్నాక బల్ల బాగా కనిపించేటట్టు కంప్యూటర్‌ని కిటికీ వైపు తిప్పించారు. కుడి బాణం మీట అరిగిపోతే కొత్త కీబోర్డు తెప్పించారు. శుక్రవారం ఇంజనుకి పసుపూ కుంకుమా పెట్టే చేత్తోనే మానిటర్‌కి కూడా ఓ బొట్టు పెట్టేవారు. కరెంటు పోతే జట్టంతా బల్ల దిగి, ఊకగుట్ట నీడన కూర్చుని బీడీలు ముట్టించుకునేది.

ఒకటే జాగ్రత్త. బొమ్మ నీళ్ళలో పడితే బల్ల మీదున్న మనిషి తూలిపోతాడు. రెండేళ్ళలో, బల్ల మీద మనుషులుండగా, విశ్వనాథ్ బొమ్మని ఒక్కసారి కూడా పడెయ్యలేదు. ఆ గర్వం పైకి చెప్పుకునేవాడు కాదు గానీ, లోపల బాగానే ఉండేది. పన్నెండు నిమిషాల ఆటని పదకొండుకి దించాడు, తర్వాత పదిన్నరకి. బొమ్మని ఎక్కడా ఆగనిచ్చేవాడు కాదు. బొమ్మ ఎంత వేగంగా వెళ్తే జట్టు అంత వేగంగా నడిచేది. లారీలు తొందరగా కదిలేవి. అందరికీ మంచిదేగా అనుకునేవాడు.

ఆటలో అంచెకొకటి చొప్పున ఐదు పసుపు చుక్కలున్నాయి. అవి దొరక్కపోయినా ఆట గెలవొచ్చు. దొరికితే తెర మూలన అంకె మారుతుంది, అంతే. నాలుగు చుక్కలు అతను ఎప్పుడో పట్టేశాడు. ఐదోది మూడో అంచెలో నీళ్ళకి సరిగ్గా నడిమధ్య వేలాడుతుంటుంది. మధ్యాహ్నం జట్టు అన్నాలకి వెళ్ళాక దానికోసం వందలసార్లు ఎగిరించి వందలసార్లు ముంచాడు. భోజనం డబ్బా మూత తియ్యడం మర్చిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

కార్తీకంలో ఒక బుధవారం. సాయంత్రం నాలుగు కావస్తోంది. ఆఖరి లారీలో ఆఖరి వరస. జట్టంతా దిగి చేతులు కడుక్కుంటోంది. బల్ల మీద ఒక్క సత్తియ్య మిగిలాడు. సత్తియ్యకి యాభై రెండేళ్ళుంటాయి. పదిహేడో ఏట బల్ల ఎక్కినవాడు. కొత్తగా జట్టులో చేరినవాళ్ళని, ముందు వారం రోజులు సత్తియ్య పాదాలు చూడండ్రా అని కూర్చోబెట్టేవాడు బుల్లబ్బాయి. అలాంటి మనిషికి ఇంకో నాలుగడుగులు వేస్తే లారీ.

తెర మీద బొమ్మ గట్టు అంచుకొచ్చింది. ఆ రోజెందుకో బొమ్మ ఉండాల్సిన చోటుకంటే వెంట్రుకవాసి ముందు నిలబడింది. అక్కడి నుంచి ఎగిరితే అందుతుందని విశ్వనాథ్ కంటికి తెలిసిపోయింది. బయట మనిషున్నాడని తెలుసు. ఎవరున్నారో కూడా తెలుసు. సత్తియ్యే కదా, ఇంకెంత, నాలుగడుగులు అనుకున్నాడు. అనుకోవడం పూర్తి కాకముందే వేలు నొక్కేసింది.

బొమ్మ చుక్క అంచు దాకా వెళ్ళి, అందినట్టే అంది, నీళ్ళలో పడిపోయింది. బయట ముందు బస్తా పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెనకే మనిషి పడ్డ చప్పుడు.

జట్టుకి ఒక కట్టుబాటుంది. కాలు జారినవాణ్ణి మళ్ళీ బల్ల ఎక్కించరు. ఆ జారుడు బల్లకి అంటుకుంటుందనీ, వెనకాల ఎక్కేవాళ్ళని కూడా లాగేస్తుందనీ వాళ్ళ భయం. అయితే తప్పు కాలిదేనా, మరొకదానిదా అని ముందు తేల్చాలి. బల్ల విరిగినా, గోనె చిరిగినా, బొమ్మ పడినా కాలికి దోషం లేదు. అందుకే సత్తియ్యని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి పంపిన వెంటనే బుల్లబ్బాయి బల్ల తిప్పి చూశాడు, గోనె కుట్టు చూశాడు. ఆ తర్వాత కిటికీ దగ్గరికొచ్చాడు. అతని వెనకాల జట్టంతా నిలబడింది.

"గుమస్తాగారండీ, బొమ్మ పడిందాండి?"

విశ్వనాథ్ అప్పటికే ఆట మూసేసి తెర ఆర్పేశాడు. పడింది అంటే ఎందుకు పడింది అంటారు. రెండేళ్ళుగా పడనిది ఇవాళెందుకు పడిందంటే ఏం చెప్పాలి?

"లేదు మేస్త్రీ. కంప్యూటర్ హ్యాంగ్ అయిపోయింది. బొమ్మ గట్టు మీదే ఉంది."

బుల్లబ్బాయి కాసేపు ఆ నల్లటి తెరని చూశాడు. కంప్యూటర్లు హ్యాంగ్ అవుతాయని బ్యాంకులోనూ కరెంటాఫీసులోనూ అందరూ విన్నదే. "అయితే వాడి కాలేనండి," అన్నాడు నెమ్మదిగా, వెనక్కి తిరుగుతూ. జట్టులో ఒకడు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

సత్తియ్యకి కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. విశ్వనాథ్ ఆదివారం ఆదివారం చక్రకేళి అరటిపళ్ళు పట్టుకుని అతనింటికి వెళ్ళేవాడు. వెళ్ళకుండా ఉండలేకపోయేవాడు, వెళ్ళి అక్కడ కూర్చోలేకపోయేవాడు. సత్తియ్య భార్య సూరమ్మ, గుమస్తాగారు ఇంత దూరం వస్తున్నారని మురిసిపోయి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ చీరకొంగుతో తుడిచి వేసేది. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే పెద్ద శిక్ష అతనికి అంతవరకూ పడలేదు.

రెండో ఆదివారం సత్తియ్య తన కాలి కట్టు వైపు చూస్తూ చెప్పాడు. "ఎక్కడ జారిందో తెలట్లేదండి. రోజంతా పడుకుని తల్చుకుంటానండి. ఎన్నిసార్లు తల్చుకున్నా కాలు బల్ల మీదే ఉంటదండి. అడుగు సరిగ్గానే పడిందండి. మరెలా పడ్డానంటారు?"

చెప్పేసే చోటు అదే. విశ్వనాథ్ గొంతు దాకా వచ్చింది కూడా. "వయసు మీద పడుతోంది కదా సత్తియ్యా," అన్నాడు. అన్నాక, ఇంటికి వెళ్ళే దారిలో సైకిల్ దిగి, పంటకాలవ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. అబద్ధం ఒకటైతే భరించేవాడేమో. ఇప్పుడు దానికి కాపలాగా ఇంకోటి పెట్టాల్సొచ్చింది. తన మీద తనకి అసహ్యం వేసింది.

కట్టు విప్పేశారు. ఎముక అతుక్కుంది, నడవాలి, నడిస్తేనే కాలు వస్తుంది అన్నాడు డాక్టరు. సత్తియ్య నడవలేదు. మంచం దిగడానికే ఒప్పుకోలేదు. నొప్పా అంటే నొప్పి కాదన్నాడు. సూరమ్మ మిల్లుకొచ్చి కిటికీ దగ్గర నిలబడి, తమరు చెబితే వింటాడేమోనండి అని విశ్వనాథ్‌ని బతిమాలింది. కాలు కింద పెట్టమంటే, అది నా మాట వినని కాలు, దాన్ని ఎలా నమ్మను అంటున్నాడట. ముప్ఫై అయిదేళ్ళు బస్తాలు మోసిన మనిషికి ఇప్పుడు గడప దాటాలంటే భయంట. ఆ మాటలు చెబుతూ సూరమ్మ ఏడవలేదు. ఎలా చెప్పాలో తెలియక కొంచెం నవ్వింది.

ఇక్కడ మిల్లులోనూ బాగాలేదు. విశ్వనాథ్ ఆట మానలేదు, మానితే జట్టు ఊరుకోదు. కానీ మూడో అంచె వచ్చేసరికి వేళ్ళు వణికేవి. వేళ్ళు వణికితే బల్ల మీద ఎనిమిదిమంది మోకాళ్ళూ వణికేవి. జట్టు కిందికి దిగి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేది. ఇది సత్తియ్య జారుడేనని, వాడు బల్లకి అంటించి పోయాడని తేల్చారు. వాడి పేరింకా జట్టులో ఉండబట్టే వదలట్లేదన్నాడు ఒకడు. చివరికి, వచ్చే శుక్రవారం ఇంజనుకి బొట్టు పెట్టాక సత్తియ్య కొక్కెం కొత్తవాడి చేతికిచ్చెయ్యాలని తీర్మానమైంది. బస్తా పట్టి లాగే ఆ ఇనప కొక్కెం ఎవరిది వాళ్ళకే ఉంటుంది. అది చేయి మారితే ఇక ఆ మనిషి జట్టులో లేనట్టే. కాలు బాగైతే మిల్లు చివర ఆడవాళ్ళతో కూర్చుని గోనెలు కుట్టుకోవచ్చని బుల్లబ్బాయి దయగానే అన్నాడు.

విశ్వనాథ్ ఆ నాలుగు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు. ఉద్యోగం పోతుందేమో అన్న భయం కాదు. గుమస్తా ఉద్యోగం ఇక్కడ కాకపోతే ఇంకో మిల్లులో దొరుకుతుంది. జట్టు తనని ఎలా చూస్తుందో ఆ చూపు తలుచుకుంటేనే ఒళ్ళు చచ్చిపోయేది. రెండేళ్ళుగా వాళ్ళు రోజూ మెడ మీద బరువేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా అతని వేళ్ళని నమ్మి నడిచారు. ఇంట్లోవాళ్ళు కూడా అతన్ని అంత నమ్మలేదు.

శుక్రవారం జగన్నాథరావు గారు ఇంజనుకి బొట్టు పెట్టి, మానిటర్‌కి పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆఫీసులోకి వెళ్ళిపోయారు. బుల్లబ్బాయి మేకుకి వేలాడుతున్న కొక్కెం తీశాడు. తీసుకోవాల్సిన కుర్రవాడు తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చాడు. విశ్వనాథ్ కాటా గదిలోంచి బయటికొచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డాడు.

"బొమ్మ పడింది మేస్త్రీ. హ్యాంగ్ కాలేదు. నేనే పడేశాను."

ఊక గొట్టం ఒక్కటే హోరుమంటోంది. అతను మొత్తం చెప్పాడు. చుక్క సంగతి, బల్ల మీద సత్తియ్య ఉన్నాడని తెలిసే నొక్కిన సంగతి, ఆట మూసేసిన సంగతి. చెబుతున్నంతసేపూ బుల్లబ్బాయి కొక్కెం మొన బొటనవేలితో రాస్తూ నేలకేసి చూస్తున్నాడు.

"ఆ చుక్క దేనికండి?" అని అడిగాడు చివరికి.

"దేనికీ కాదు."

"దొరికితే ఏమొస్తదండి?"

"ఏమీ రాదు. మూలన నాలుగు అని ఉన్నది ఐదు అవుతుంది."

బుల్లబ్బాయి తలూపాడు. కోపంగా ఉన్నా బాగుండేదనిపించింది విశ్వనాథ్‌కి. అతని మొహంలో కోపం లేదు, ఆ ఐదు అన్న అంకెని అర్థం చేసుకోవాలన్న ప్రయత్నం ఉంది. అది చూడలేకపోయాడు. కొక్కెం మళ్ళీ మేకుకి తగిలించి, "ఇది మాకు చెప్పడం కాదండి. వెళ్ళి వాడి కాలికి చెప్పండి," అన్నాడు బుల్లబ్బాయి.

విశ్వనాథ్ వెళ్ళాడు. సూరమ్మ కుర్చీ తుడవబోతే వద్దని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్టులో నలిగి సన్నబడిపోయిన సత్తియ్య కాలు ఎదురుగా ఉంది. అరికాలు మాత్రం ఇంకా వెడల్పుగా, బల్లని పట్టుకోవడానికే పుట్టినట్టుంది. దాని మీద చెయ్యి వేశాడు. తమరేంటండి, నా కాలు పట్టుకోవడమేంటండి అని సత్తియ్య వెనక్కి లాక్కోబోయి, లాక్కునే బలం లేక ఊరుకున్నాడు.

"నువ్వు జారలేదు సత్తియ్యా. నీ అడుగు సరిగ్గానే పడింది. నేను బొమ్మని పడేసి, పడలేదని చెప్పాను."

సూరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. తిట్టు వస్తుందని విశ్వనాథ్ తలొంచుకుని కూర్చున్నాడు. తిట్టు కోసమే కూర్చున్నాడని కూడా అనొచ్చు. సత్తియ్య అతని వైపు చూడనే లేదు. తన కాలినే చూసుకుంటున్నాడు, ఎక్కడికో పోయి తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు. "నేను చెబుతానే ఉన్నాను కదే, అడుగు సరిగ్గానే పడిందని," అన్నాడు సూరమ్మతో. తర్వాత మంచం పట్టె పట్టుకుని కాలు నేల మీద పెట్టాడు. కర్ర ఇమ్మన్నాడు. వణుకుతూ, కుంటుతూ, గడప దాకా వెళ్ళి, గడప దాటి అరుగు మీద నిలబడ్డాడు. విశ్వనాథ్ లోపల నేల మీదే ఉండిపోయాడు. అతన్ని క్షమించాననో క్షమించననో చెప్పే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

జట్టు కట్టుబాటులో రెండో సగం విశ్వనాథ్‌కి ఆ సాయంత్రం తెలిసింది. మనిషిని పడేసినవాడు, ఆ మనిషి మళ్ళీ బల్ల ఎక్కేదాకా అతని బస్తా మొయ్యాలి. మరి ఆట ఎవరాడతారని జగన్నాథరావు గారు అడిగితే, కూర్చుని చేసే పనే కదండి, సత్తియ్య ఆడతాడు అన్నాడు బుల్లబ్బాయి. బ్రాహ్మల అబ్బాయి చేత బస్తాలేంటని గొణిగి, తర్వాత జగన్నాథరావు గారూ ఊరుకున్నారు.

సత్తియ్య ఆట నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. బల్ల ఖాళీగా ఉన్నప్పుడు విశ్వనాథ్ పక్కన నిలబడి, ఇది నొక్కితే నడుస్తుంది, ఇది నొక్కితే ఎగురుతుంది అని చూపించాడు. కాయలు కాసిన లావుపాటి వేలు ఒక్కోసారి రెండు మీటల మీద పడేది. బొమ్మ పడినప్పుడల్లా సత్తియ్య, అయ్యో నాయనా అనేవాడు.

నాలుగో రోజు లారీ వచ్చేసరికి మీటల ముందు సత్తియ్య ఉన్నాడు. జట్టు వరస కట్టింది. ఇద్దరు ఎత్తి విశ్వనాథ్ మెడ మీద బస్తా పెట్టారు. ఆట మొదలయ్యేదాకా బరువంతా మనిషిదే. నడుము విరిగిపోతుందనుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత బరువని వాళ్ళెప్పుడూ చెప్పలేదు, అతనెప్పుడూ అడగలేదు. బల్ల మీద కాలు పెట్టేసరికి అది కింద ఊగింది. ఇప్పుడు తన కాలు సత్తియ్య వేలి చివర ఉంది. పడెయ్యాలనుకుంటే ఒక్క నొక్కు చాలు. పడేసినా న్యాయమే అనిపించింది. నిజానికి అలా జరిగితే బాగుండునని కూడా ఒక క్షణం అనుకున్నాడు.

కిటికీలోంచి కీచుమని చప్పుడొచ్చింది. బస్తా తేలికైపోయింది. అతను నడిచాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు.

బల్ల సగానికొచ్చేసరికి కాలు దానంతటదే ఆగింది. కీచు చప్పుడు మాత్రం ఆగలేదు. బొమ్మ గట్టు అంచున ఉన్నట్టుంది, ఇప్పుడే పడేస్తాడు అనుకున్నాడు. బస్తా కింది నుంచి మెడ తిప్పి కిటికీ వైపు చూశాడు. సత్తియ్య రెండు చేతులూ మీటల మీద నుంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బల్ల వైపే చూస్తున్నాడు. తెర మీద బొమ్మ మూడో అంచెలో గట్టు మీద ఊరికే నిలబడి ఉంది. నిలబడినంతసేపూ దాని ఛాతీ గళ్ళు కొంచెం పైకీ కిందికీ కదులుతున్నాయి. ఆపితే అది ఊపిరి తీసుకుంటుందని, రెండేళ్ళు ఆడిన విశ్వనాథ్‌కి తెలియదు. అతనెప్పుడూ ఆపలేదు.

వెనకాల జట్టంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. బల్ల మీద, బస్తాల కింద, తొమ్మిదిమంది నిలబడి ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. "ఇలా మధ్యలో ఆగొచ్చాండి," అని అతని వెనకున్న బుల్లబ్బాయి మెల్లగా అడిగాడు. "మాకు తెలీదండి. తమరు నడిపిస్తే నడవాలి కాబోలనుకున్నాం."

బస్తాకి దిండంత బరువు కూడా లేదు. అయినా విశ్వనాథ్ తల ఎత్తలేకపోయాడు. సత్తియ్య తొందరపడలేదు. అందరికీ ఊపిరి అందిందని నమ్మకం కలిగాక, చెయ్యి మీట మీద పెట్టి, ఒక్కో అడుగే వేయించాడు.